మూల తిరిగిన తీగ

పాత ఇంటి గచ్చు చూడమంటే అందరూ మధ్యలోకి చూస్తారు. పెద్ద పువ్వు అక్కడే ఉంటుంది మరి. నా చూపు గోడవారకు పోతుంది. మధ్యలో పువ్వు ఎవరైనా వేస్తారు. ఆ పూలబారు ఎక్కడ ఆగాలి, ఎలా ఆగాలి, ఆగాక గోడకూ దానికీ మధ్య ఏముండాలి అని తేల్చుకున్న చోటే కట్టించినవాళ్ళ అభిరుచి బయటపడుతుంది. అంచు చూసి చీర ఎంచే జాతి మనది. నేల దగ్గరికొచ్చేసరికి ఆ కన్ను ఎందుకు మూసుకుంటామో!

నూజివీడు నుంచి అటు అగిరిపల్లి, ఇటు ముసునూరు, చాట్రాయి దాకా మామిడి తోటల మధ్య ఇంకా కొన్ని పాత లోగిళ్ళు మిగిలి ఉన్నాయి. మంగుళూరు పెంకు, నడుమ మండువా, చుట్టూ వసారా, లోపల చల్లటి నడిమిల్లు. అలాంటి ఒక నడిమింట్లో పరిచిన సిమెంటు పలకల గచ్చు గురించి చెబుతాను. వేసవి మధ్యాహ్నం ఆ గదిలోకి వస్తే, ఎండలో మిరుమిట్లు గొన్న కళ్ళకు ముందు రంగులేవీ ఆనవు. కాసేపటికి ఇటుక ఎరుపు, గంధం రంగు తేలతాయి. ఆ తరవాత వాటిని చుట్టుకున్న ముదురాకుపచ్చ తీగ. ఒంపు ఒంపుకీ ఒక పిందె. అచ్చు చేసినవాడు ఎక్కడివాడో, ఏమనుకుని చేశాడో తెలీదు గానీ, ఈ గాలిలో, ఈ పూత వాసనలో పెరిగినవాళ్ళకు అది మామిడిపిందె తప్ప మరొకటి అయ్యే వీల్లేదు.

వంగి చూస్తే అసలు పని కనిపిస్తుంది. తీగ ఉన్న పలక 8 అంగుళాల చదరం. పలక పైవారనా కిందివారనా అర అంగుళం నల్లగీత. ఆ నలుపుకూ తీగకూ మధ్య ఇంకా సన్నగా గంధం రంగు జాగా, బొమ్మ లేకుండా వదిలేసినది. చూపు నలుపు దగ్గర ఆగుతుంది, ఆ వట్టి జాగాలో ఊపిరి పీల్చుకుంటుంది, తీగ ఎక్కి పరుగు తీస్తుంది. గీతలు మరీ తీర్చినట్టు ఉండవు. వెంట్రుకవాసి అటూ ఇటూ వణుకుతాయి. ఆ వణుకు నాకు ప్రాణం.

అది తయారీలోనే వచ్చిన వణుకు. ఈ పలకలు కాల్చినవి కావు. ఇత్తడి రేకులతో గళ్ళు గళ్ళుగా చేసిన అచ్చులో, తెల్ల సిమెంటూ పాలరాతి పొడీ రంగూ కలిపిన చిక్కటి ముద్దను ఏ గడికి ఏ రంగో చూసుకుంటూ చేత్తో పోస్తారు. అచ్చు పైకి తియ్యగానే అడ్డుగోడలు పోయి రంగులు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలుస్తాయి. వాటి మీద పొడి సిమెంటు, ఇసుక పొర చల్లి మరలో పెట్టి నొక్కి, తరవాత నీళ్ళలో నానబెడతారు. రంగు పొర మందమే మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి రెండు తరాల పాదాలు నడిచినా పువ్వు చెరగదు. విదేశాల నుంచి ఓడల్లో దిగే పలకలకు స్వదేశీ జవాబుగా 1922లో బొంబాయిలో మొదలైన భారత్ ఫ్లోరింగ్ టైల్స్ పట్టుకున్న విద్య ఇదే. చెట్టినాడులోని ఆత్తంగుడిలో మర కూడా లేకుండా, అద్దం మీద రంగు పోసి ఇప్పటికీ చేస్తున్నారు.

ఇక లెక్క. గది వెడల్పు 10 అడుగులు, పొడవు 12. అంటే వెడల్పున 15 పలకలు, పొడవున 18, మొత్తం 270. గోడను ఆనుకుని ఒక వరస ఏ బొమ్మా లేని ఎర్ర పలకలు, అవి 62. వాటి లోపలి చుట్టు తీగ వరస, 54. అందులో నాలుగు మూల పలకలు. మిగిలిన 154 మధ్యలోవి.

మొదట ఆ 62 వట్టి పలకల సంగతి చెప్పాలి. వాటిని ఎవరూ మెచ్చుకోరు, ఫొటో తియ్యరు. కానీ పాత గోడ ఏదీ నిటారుగా ఉండదు. సున్నపు పూత ఒకచోట ఉబ్బి, ఒకచోట లోపలికి పోయి ఉంటుంది. ఆ వంకర ఎక్కడో ఒకచోట గచ్చుకు తగలాలి. ఈ ఎర్ర వరసకు తగిలింది. ఒక మూలన పలక నిండుగా ఉంది, ఆ కొసకు పోయేసరికి రెండు వేళ్ళ మందం కోసేశారు. బొమ్మ లేదు కాబట్టి కోత కనపడదు. తీగను నేరుగా గోడకు ఆనించి ఉంటే ఆ కొసన పిందెలన్నీ సగానికి తెగేవి. ఇప్పుడు తీగ నాలుగు వైపులా ఒక్క వెడల్పుతో, గోడతో పని లేనట్టు సాగిపోతుంది. దాని నిబ్బరం వెనక వట్టి పలకల ఓర్పు ఉంది.

తీగ పలకలు రెండు రకాలు. ఒకదాంట్లో తీగ పైకి వంగితే రెండోదాంట్లో కిందికి వంగుతుంది. జంటగా పరిస్తేనే ఒంపు పూర్తవుతుంది. మూలలు పోను పొడవు వైపు 14 పలకలు, ఏడు జంటలు, చక్కగా సరిపోయాయి. వెడల్పు వైపు 11. జంటలు కట్టగా ఒకటి మిగులుతుంది. అక్కడ మేస్త్రీ చేసిన పని చూసి నేను చాలాసేపు కదల్లేదు. రెండు మూలల నుంచీ తీగను ఎదురెదురుగా నడిపించి, సరిగ్గా ఆరో పలక దగ్గర కలిపాడు. ఆ పలకలో తీగ ఉండదు, నిటారుగా నిలబడ్డ ఒక మొగ్గ ఉంటుంది. ఆ మొగ్గ గుమ్మానికి సూటిగా వస్తుంది. లెక్కకు కుదరని ఒక్క పలకను దాచకుండా, ఇంట్లోకి వచ్చినవాళ్ళ కంటికి ఎదురుగా పెట్టి, దాన్నే అందం చేశాడు.

మరి మూల? అంచుకు అసలు పరీక్ష అక్కడే. నాసిరకం పనిలో మూల దగ్గర రెండు తీగలు వచ్చి ఢీకొని చచ్చిపోతాయి. ఇక్కడ మూల పలకను విడిగా పోయించారు. తీగ తెగలేదు, తిరిగింది. తిరిగే చోట బరువు కోసం ఆకు కాస్త పెద్దదైంది. పిందె గది లోపలివైపు ముఖం పెట్టింది. పైవారా కిందివారా వస్తున్న నల్లగీతల్లో బయటిది పెద్ద మలుపు, లోపలిది చిన్న మలుపు తీసుకున్నాయి. ఒక్క చదరంలో ఇన్ని నిర్ణయాలు. ఈ గదిలో ఉన్న 270 పలకల్లో నాలుగే నాకు ఇస్తామంటే ఏవి అడుగుతానో వేరే చెప్పక్కర్లేదు.

ఒక అంచు పక్కన ఇంకో అంచు, దాని పక్కన మరొకటి పేర్చడంలో రహస్యం ఆ గంధం రంగు వట్టి జాగాలోనే ఉంది. మన శిల్పులకు ఇది కొత్త కాదు. గుడి అడుగున పీఠంలా ఉండే అధిష్ఠానం చూడండి. ఉపానం మీద పలకగా జగతి, దాని మీద గుండ్రంగా ఉబ్బిన కుముదం, ఆ పైన లోపలికి నొక్కిన కంఠం, మళ్ళీ ముందుకు వచ్చిన పట్టిక. పొద్దుటి ఎండ పడితే జగతి మీద వెలుగు పరుచుకుంటుంది, కుముదం మీద జారుతుంది, కంఠం నీడలో ఉండిపోతుంది. ఆ నీడ పట్టీ లేకపోతే మిగిలినవన్నీ కలిసి ఒక రాతి దిమ్మె. శిల్పి రాతితో పాటు నీడను కూడా ఒక వరసగా లెక్కపెట్టాడు, దానికి పేరు కూడా పెట్టాడు.

నూజివీడు ఉన్న ఏలూరు జిల్లాలోనే, కామవరపుకోట దగ్గరి గుంటుపల్లి కొండమీద క్రీస్తుపూర్వపు చైత్యగుహ ఉంది. గుండ్రటి గది, మధ్యలో రాతి స్తూపం. తల ఎత్తి కప్పు చూస్తే కొయ్య వాసాలు! గుమ్మం మీది కమాను కింద కూడా వాసాల కొనలు వరసగా పొడుచుకొచ్చి ఉంటాయి. అన్నీ కొండను తొలిచి చెక్కినవే. కొండను మొయ్యడానికి వాసాలెందుకు? ఎందుకూ అక్కర్లేదు. కొయ్య ఇంట్లో అవసరమైనది రాతి ఇంట్లో అలంకారమైంది. మనం ఇప్పుడు గోడ అడుగున నాలుగంగుళాల స్కర్టింగ్ వేస్తున్నామే, అది చీపురు మరకలు, తడిగుడ్డ మరకలు పడకుండా పుట్టినది. దాన్ని అందంగా చెయ్యొచ్చని గుర్తున్న ఇళ్ళు మాత్రం తక్కువ.

పొరల గురించి చెప్పేటప్పుడు అమరావతిని దాటి పోలేను. మహాచైత్యం వేదిక, అంటే చుట్టూ కట్టిన రాతి కంచె, దాని స్తంభాల మీది పద్మ పతకాలు ఇప్పుడు కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. నడుమ దుద్దు, దాని చుట్టూ రేకులు, రేకుల చుట్టూ తీగ పట్టీ, మళ్ళీ రేకులు. వలయాలన్నీ ఒకే రకంగా ఉండవు. రేకులు నడుమ నుంచి బయటికి విచ్చుకుంటాయి, తీగ చుట్టూ తిరుగుతుంది. ఒకటి చూపును బయటికి తోస్తే, ఇంకోటి పట్టుకుని తిప్పుతుంది. వేదిక పై దూలం మీద యువకులు భుజాన మోస్తున్న పూలదండ అలలు అలలుగా సాగిపోతుంది. అంతటి స్తూపానికి అంచు కట్టినవాళ్ళు మనకు ఇరుగుపొరుగువాళ్ళే.

చీర దగ్గరికి వస్తాను, రాక తప్పదు. మంగళగిరి నిజాం అంచు చూసినా, చీరాల కుప్పడం చూసినా, అంచు తరవాత కుట్టిన పట్టీ కాదు. అంచు పోగులు పడుగులోనే పడతాయి. ఒంటి పోగులతో పాటే మగ్గం ఎక్కుతాయి. కుప్పడంలో ఒంటి రంగు వేరు, అంచు రంగు వేరు అయినా నేతలో ఒంటి పేక పోగు అంచు పేక పోగును పట్టుకుని మెలేసుకుంటుంది. అంటే నేతగాడు మొదటి పోగు తోడేటప్పటికే అంచు ఎంత వెడల్పో, ఏ రంగో తేలిపోయి ఉంటుంది. మనమేమో ఇల్లంతా టైల్స్ వేసేశాక, మిగిలిన డబ్బుతో, 'ఏదన్నా బోర్డర్ చూడండి' అని షాపువాణ్ణి అడుగుతాం.

పెడనలో కలంకారీ అచ్చులు చూస్తే ఇంకో పాఠం దొరుకుతుంది. బందరు రేవు నుంచి ఒకప్పుడు ఇరాన్‌కు పోయిన అద్దకపు గుడ్డల్లో అంచు ఒక్కటిగా ఉండదు. పెద్ద అంచుకు అటొక సన్నటి అంచు, ఇటొక సన్నటి అంచు కాపలా ఉంటాయి. పెద్దదాంట్లో పూలు, లతలు ఎంత సందడి చేసినా, పక్కన ఉన్న సన్నవి చుక్కలతోనో గొలుసుతోనో ఊరుకుంటాయి. టేకు చెక్కలో ఆ సన్న అచ్చు చెక్కడం పెద్ద అచ్చు కన్నా సులువేమీ కాదు. అయినా అది తగ్గి ఉండాలని అద్దినవాళ్ళకు తెలుసు.

ఇప్పుడు షాపులోకి వెళ్దాం. గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే లారీలు తెలుగు ఊళ్ళన్నిటికీ గోడలు పంచుతున్నాయి. గోడ టైల్ అనగానే షాపులో వినిపించే మూడు మాటలు లైట్, డార్క్, హైలైటర్. కింద రెండు వరసలు డార్క్, మధ్యలో ఒక వరస హైలైటర్, పైన లైట్. పద్ధతి చెడ్డది కాదు. పాత అంచు శాస్త్రాన్ని మూడు ముక్కల్లోకి కుదించారంతే. చెడగొట్టేది హైలైటర్ వెడల్పు. 12 అంగుళాలో 18 అంగుళాలో ఎత్తున్న టైల్ నిండా బొమ్మ ఉంటే అది అంచు అవ్వదు, ప్రకటన బోర్డు అవుతుంది. పైగా ఆ బొమ్మలు! చిన్న రసాలు గంపల్లో దిగే ఊళ్ళో వంటింటి గోడ మీద స్ట్రాబెర్రీలు, కాఫీ కప్పులు. పోనీ మామిడిపండు ఫొటో ఉన్న టైల్ తెస్తే బాగుపడుతుందా అంటే, అదీ లేదు. ఫొటోకు తలా తోకా ఉంటాయి. తిప్పితే తలకిందులవుతుంది, పక్కన ఇంకోటి పెడితే అదే పండు మళ్ళీ వచ్చి నవ్వులపాలవుతుంది. పిందె అలా కాదు. ఎటు తిప్పినా పిందే, ఎదురెదురుగా పెడితే జంట, వరసగా పెడితే నడక. అలంకారానికి పండు పనికిరాదు, పిందే పనికొస్తుంది.

నన్నడిగితే గోడకు మూడంగుళాల బోర్డర్ చాలు. దానికి పైనా కిందా అర అంగుళం పెన్సిల్ పట్టీ. పెన్సిల్ రంగు బోర్డర్‌లోని అన్నిటికన్నా ముదురు రంగుతో కలవాలి. బోర్డర్‌లో ఒక్క రంగైనా పక్కనున్న పెద్ద టైల్ రంగై ఉండాలి. పెద్ద టైల్ మ్యాట్ అయితే బోర్డర్ మెరవనివ్వండి. రెండూ మెరిస్తే ట్యూబులైటు తప్ప ఏదీ కనపడదు. పెన్సిల్ పట్టీ గోడ మట్టానికి సమంగా కాకుండా కొద్దిగా ముందుకు రావాలి. దాని కింద పడే సన్నటి నీడే మనింటి కంఠం. మేస్త్రీలు ఇది ఒప్పుకోరు, 'సార్, లెవెల్ పోద్ది' అంటారు. పోనివ్వండి, ఆ ఒక్క చోట పోనివ్వండి.

రంగులకు కేటలాగు కన్నా తోట మేలు. మామిడి చిగురు రాగి రంగులో పుడుతుంది, మెత్తటి లేతాకుపచ్చకు తిరుగుతుంది, నల్లగా అనిపించేంత ముదురాకుపచ్చలో స్థిరపడుతుంది. ఈ మూడింటినీ పక్కపక్కన ఒకే కొమ్మ మీద చూడొచ్చు, కాబట్టి పక్కపక్కన గోడ మీదా కుదురుతాయి. పండు పసుపు దగ్గరే జాగ్రత్త పడాలి. బంగినపల్లి పసుపు మూడంగుళాల పట్టీ అయితే గదినంతా మింగేస్తుంది. అదే పసుపు పెన్సిల్ మందాన గీతగా సాగితే కన్ను దాన్ని వెతుక్కుంటూ పోతుంది.

మూలల మాట షాపులో ఎవరూ ఎత్తరు. బయటి మూలకు 45 డిగ్రీల కట్ చేయించినా, స్టీలు ప్రొఫైల్ వేయించినా, బోర్డర్‌లోని తీగ ఆ మూల దగ్గర ఏమవుతుందో ముందే చూసుకోవాలి. గమ్ కలపకముందే టైల్స్ నేల మీద ఎండుగా పరిచి చూడమనండి. మూలలు ముందు, నడుమ తరవాత. ఒక గంట పని. ఆ గంట ఇవ్వని మేస్త్రీకి ఇల్లు ఇవ్వొద్దు.

ఈ ప్రాంతంలో వంటింటి అంచుకు ఇంకో శత్రువు ఉంది. వేసవి వస్తే కాయ కోత, సొన, ఆవపిండి, కారం, పసుపు, నూనె. ఆవకాయ కలిపే వెనక వసారాలో సిమెంటు పలకలు వెయ్యకండి. మామిడి పులుపు సిమెంటును తింటుంది, నిగనిగలాడే రంగు మీద తెల్లమచ్చలు పడతాయి. టైల్ వేసినా, మామూలు తెల్ల సిమెంటుతో సందులు నింపితే మొదటి ఏడాదికే అవి పసుపుపచ్చగా తిరుగుతాయి. ఎపాక్సీ గ్రౌట్ ఖరీదెక్కువ, కానీ మరక అంత తేలిగ్గా పట్టదు. ముదురు రంగు గ్రౌట్ అయితే అదే ఒక సన్న అంచు, ప్రతి టైల్ చుట్టూ. దాన్ని కూడా ఎంచుకున్న గీతగానే చూడాలి. షాపువాడు చేతికిచ్చిన రంగు పూసుకుని ఊరుకోకూడదు.

అన్నిటికన్నా ఎక్కువగా చెడిపోతున్నది గుమ్మం. తెలుగింటి గుమ్మానికి కదలని అంచులూ మారే అంచులూ రెండూ ఉంటాయి. ద్వారబంధం మీద చెక్కిన పద్మాలు, చిలకలు కదలవు. మామిడాకుల తోరణం పండగకు వస్తుంది. కట్టిన రోజు మెరిసే ఆకుపచ్చ, వారానికి ముడుచుకుని గోధుమ రంగు, ఆ తరవాత గాలికి గలగలమనే ఎండుటాకులు. గడపకు శుక్రవారం పసుపు, కుంకుమ బొట్లు. గడప ముందు రెండు జంట గీతల ముగ్గు, సాయంత్రానికి అడుగుల కింద చెదిరిపోయేది. వచ్చిపోయే ఈ అలంకారాల కోసం పాతవాళ్ళు కొయ్యకు నూనె రాసి ఊరుకున్నారు, గోడకు సున్నం కొట్టి వదిలేశారు. ఆ వట్టి జాగాలోకే తోరణం వచ్చి కూచునేది. ఇప్పుడు గుమ్మం రెండు పక్కలా బంగారు గీతల హైలైటర్, పైన దేవుడి బొమ్మ టైల్, కింద మెరిసే నల్ల గ్రానైట్ గడప. దాని మీద పసుపు నిలవదు, జారిపోతుంది. అందుకని పసుపు రంగు పెయింటు వేసి, దాని మీద ముగ్గు స్టిక్కరు అంటిస్తున్నారు. తోరణం కట్టినా కనపడదు, వెనకనుంచి హైలైటర్ దాన్ని మించి అరుస్తుంది. ఇంటి ముందుభాగానికి టైల్ ఎంచేటప్పుడు ఒక మామిడి కొమ్మ కూడా షాపుకు పట్టుకెళ్ళి, ఆ టైల్ ముందు పెట్టి చూడండి. ఆకు వెలిగితే ఆ టైల్ మనది. ఆకు వెలవెలబోతే ఎంత ఖరీదైనదైనా వద్దు.

ఆ నడిమింటి గచ్చు లాంటివి ఈ ప్రాంతంలో ఏడాదికేడాది తగ్గిపోతున్నాయి. వారసులు ఊళ్ళో ఉండరు, పెంకు కారుతుంది, ఒకరోజు జేసీబీ వస్తుంది. మీ ఊళ్ళో అలాంటి ఇల్లు పడగొడుతున్నారని తెలిస్తే ఒక్క పని చెయ్యండి. పాత పలకలు చాలావరకు సున్నంలో పరిచినవి. సన్న ఉలితో పక్కనుంచి తట్టితే నిండుగా లేచి వస్తాయి, సిమెంటులో పరిచినవైతే పగిలిపోతాయి. అన్నీ తీయించే ఓపిక, చోటు లేకపోతే తీగ వరస తీయించండి. అదీ కుదరకపోతే నాలుగు మూలలూ, ఆ మొగ్గ పలకా తీయించి, వెనకవైపు ఏ మూల ఎటు ఉండేదో సుద్దతో రాసి పెట్టండి. తీగను మళ్ళీ ఎవరైనా గీసుకోగలరు, అది మూల ఎలా తిరిగిందో చూపించడానికి మాత్రం ఆ పలకే ఉండాలి.